నాలుక కింద మాత్ర

సంక్రాంతి వెళ్లిన వారానికి, తెల్లవారుజామున నాలుగున్నరకు మెలకువ వచ్చింది. ఛాతీ మీద రోలు పెట్టినంత బరువు. దవడ లాగుతోంది, ఒళ్లంతా చెమట. గ్యాస్ అనుకుని జీలకర్ర నీళ్లు తాగి అరగంట పోగొట్టుకున్నాను. మా ఆవిడ కంగారుపడి పక్కింటి పెద్దాయన్ని పిలిచింది. ఆయనకు రెండు స్టెంట్లు ఉన్నాయి, చొక్కా జేబులో ఎప్పుడూ మాత్రల స్ట్రిప్ ఉంటుంది. "నాలుక కింద పెట్టుకోండి మాస్టారూ, ఐదు నిమిషాల్లో తగ్గిపోతుంది" అంటూ ఒకటి ఇచ్చారు. గుండెనొప్పికి వాడే ఐసోసార్బైడ్ డైనైట్రేట్, 5 మిల్లీగ్రాములది.

ఆటో ఎక్కుదామని లేచాను. గుమ్మం దాటకముందే కళ్లకు చీకట్లు కమ్మి పడిపోయాను. 108 వచ్చి చూసేసరికి బీపీ 80/50.

ఎమర్జెన్సీలో డాక్టరమ్మ ఈసీజీ తీశారు. తర్వాత తీగలు ఛాతీకి కుడివైపు అతికించి ఇంకోటి తీశారు. మా ఆవిడని బయటికి పంపి మెల్లగా అడిగారు: "సిల్డెనాఫిల్, అదే వయాగ్రా, లాంటి మాత్రలేమైనా వేసుకున్నారా? సిగ్గుపడకండి, మాకు తెలియాలి." లేదన్నాను. అది వేసుకున్న 24 గంటల్లోపు ఈ నాలుక కింద మాత్ర పడితే బీపీ ప్రమాదకరంగా దిగిపోతుందట. అదే పనికి వాడే టడాలఫిల్ అయితే 48 గంటలు.

నా సంగతి వేరు. నాకు వచ్చింది గుండెపోటు. గుండెకు రక్తం అందించే కుడి రక్తనాళం మూసుకుపోయి, గుండె కింది గోడతో పాటు కుడి గది కూడా దెబ్బతింది. అలా నీరసించిన గది, తనలోకి వచ్చే రక్తం నిండుగా ఉంటేనే దాన్ని ఊపిరితిత్తుల్లోకి నెట్టగలదు. మాత్ర సిరల్ని వదులు చేసింది, రక్తం కాళ్లలో, పొట్టలో నిలిచిపోయింది. అందుకే నాకు సెలైన్ వేగంగా ఎక్కించారు, ఆస్పిరిన్ నమిలించారు. బీపీ 100 దాటాక క్యాత్ ల్యాబ్‌కి (గుండె రక్తనాళాల్లోకి గొట్టం పంపి చికిత్స చేసే గది) తీసుకెళ్లి స్టెంట్ వేశారు.

ఆ రాత్రి ఐసీయూలో పక్క మంచం మీదికి ఒక పెద్దావిడని తెచ్చారు. ఊపిరితిత్తుల్లో నీరు చేరి, పడుకోలేక కూర్చునే రొప్పుతోంది. బీపీ 210. ఆవిడకు ఎక్కించింది కూడా అదే జాతి మందు, నైట్రోగ్లిసరిన్. పంపు పెట్టి కొద్దికొద్దిగా ఇస్తూ, నర్సు మాటిమాటికీ బీపీ చూసి అంకె మార్చేది. తెల్లారేసరికి ఆవిడ వెల్లకిలా పడుకుని నిద్రపోతోంది. నాకు మాత్రం నిద్ర పట్టలేదు, రాత్రంతా ఆ పంపు వైపే చూశాను.

పక్కింటాయన వచ్చి నా చెయ్యి పట్టుకుని ఏడ్చారు. ఆయన మీద నాకు ఏ కోపమూ లేదు, ప్రేమతో ఇచ్చారు. మాత్ర కూర్చునే పెట్టుకోవాలని, 5 నిమిషాల్లో నొప్పి తగ్గకపోతే 108కి ఫోన్ చేయాలని, తన మాత్ర ఇంకొకరికి ఇవ్వొద్దని డాక్టరమ్మ ఆయన్ని కూర్చోబెట్టి చెప్పారు.

ఇప్పుడు మూడో నెల. పొద్దున్నే ఇద్దరం చెరువు కట్ట మీద నడుస్తున్నాం. ఆయన జేబులో స్ట్రిప్ అలాగే ఉంది. దాన్ని పెట్టుకునే కవరు మీద మాత్రం పెన్నుతో తన పేరు, కింద 'నాకు మాత్రమే' అని రాసుకున్నారు.