వరదలో పోయిన జమీందారుగారి పటం: నకలు పని, ఏడవ వారం

కోనసీమలో మా ఊరి దివాణం హాలులో ఉండిన జమీందారుగారి తైలవర్ణ చిత్రం 1986 ఆగస్టు గోదావరి వరదలో రోజుల తరబడి నాని, రంగు పెచ్చులుగా ఊడిపోయి, చివరికి పారవేయవలసి వచ్చింది. టేకు ఫ్రేము మాత్రం అటక మీద మిగిలింది. దాని లోపలి కొలత 75 × 60 సెం.మీ. కనుక నా కాన్వాసూ అంతే. బొమ్మకు ఉన్న ఏకైక ఆధారం ఒక పాత పెళ్ళి ఫోటో. అందులో వధూవరుల వెనుక గోడ మీద ఆ పటం 5 సెం.మీ. ఎత్తున కనిపిస్తుంది.

మొదటి పదిహేను రోజుల పని చెరిపివేయవలసి వచ్చింది. ఫోటో మీద 5 మి.మీ. గడులు గీసి, వాటిని కాన్వాసు మీద 7.5 సెం.మీ. గడులుగా పెంచి బొమ్మ దించాను; ముఖం ఫరవాలేదనిపించినా కుడి భుజం కుంగిపోయినట్టు వచ్చింది. కొలిచి చూస్తే ఫోటోలో పటం ఎడమ అంచు 50 మి.మీ., కుడి అంచు 47 మి.మీ. ఫోటోగ్రాఫరు ఓరగా నిలబడి తీశాడన్నమాట. అప్పుడు పటం ఎదురెదురు మూలలను కలుపుతూ రెండు కర్ణాలు గీశాను. అవి కోసుకునే చోటే పటానికి అసలైన నడిమి బిందువు. అక్కడినుంచి నాలుగు భాగాలు చేసి, ఒక్కొక్క భాగంలో మళ్ళీ కర్ణాలు గీస్తూ పోతే దూరపు వైపు గడులు వాటంతట అవే సన్నబడతాయి. ఈసారి భుజం నిలబడింది.

రంగుల సంగతి ఇంతకంటే చిక్కు. ఫోటోలో తలపాగా దాదాపు నల్లగా ఉంది, నేనూ నలుపే అనుకున్నాను. ఆ పటం కింద ఆడుకుంటూ పెరిగిన మామ్మగారు మాత్రం, "నల్ల పాగా ఎవరు కడతారయ్యా, అది కుంకుమ రంగుది" అన్నారు. ఆవిడ మాటే నిజమై ఉంటుంది: పాతకాలంలో ఫోటోలు తీసిన గాజుపలకల మీది మందు ఎరుపు కాంతిని పట్టుకోలేదు, అందుచేత ఎర్రని గుడ్డ నల్లగానూ, నీలం వెలిసినట్టుగానూ పడేవి. ఆ లెక్కన, తెల్లగా కనిపిస్తున్న ఉత్తరీయం లేత నీలం కావచ్చు. దాని రంగు మామ్మగారికి జ్ఞాపకం లేదు.

ఒంటి రంగు కోసం రాజమండ్రి వెళ్ళి చిత్రకారుడు దామెర్ల రామారావు (1897–1925) చిత్రశాలలో ఒక పూట గడిపి వచ్చాను. వచ్చాక చెంపల నీడలో నలుపు కలపడం మానేశాను.

అడుగు పూత అంతా బర్న్‌ట్ అంబర్ అనే ముదురు గోధుమ రంగులో టర్పెంటైన్ కలిపి పలచగా వేశాను. ముసురులో కూడా రెండు రోజుల్లో ఆరింది. పాగాకు వేసిన అలిజరిన్ క్రిమ్సన్ అనే ముదురు ఎరుపు పన్నెండు రోజులైనా వేలికి అంటుతూనే ఉంది. కాన్వాసును గోడకు ఆనించి ఉంచినందుకు వెనుకవైపు బూజు చుక్కలు వచ్చాయి. పొడిగుడ్డతో తుడిచి, మూలలకు చెక్కముక్కలు పెట్టి అంగుళం ఎడం ఇచ్చాను.

ఛాతీ మీది పతకం ఫోటోలో 2 మి.మీ. మసక మచ్చ, కాన్వాసు మీద అది 3 సెం.మీ. అవుతుంది. దాని మీద ఏ ముద్ర ఉండేదో ఊహించి వేయడం నాకు ఇష్టం లేక, పసుపు కుంచె గుర్తులు రెండు పెట్టి వదిలేశాను. ఉత్తరీయం ఇంకా అంబర్ పూతలోనే ఉంది. పాగా ఆరేదాకా దాని జోలికి పోను.