నోథో గుడ్లు: పిల్లలు మళ్లీ అడుగునే పాకుతున్నాయి

నోథోలు (నోథోబ్రాంకియస్) ఆఫ్రికాలోని ఎండిపోయే గుంటల్లో బతికే చిన్న చేపలు. వాటి గుడ్లను చెమ్మగా ఉన్న పీట్‌లో (నాచు లేదా కొబ్బరి పీచు పొడి) సంచీ కట్టి నెలల తరబడి దాచి, తర్వాత నీళ్లు పోసి తడిపితే పిల్లలొస్తాయి. ఈసారీ అదే తంతు. గుంథేరి అనే రకం నోథో గుడ్ల సంచీ తడిపిన కొన్ని గంటల్లోనే పిల్లలు బయటికొచ్చాయి. ఆర్టీమియా (ఉప్పునీటి బుల్లి రొయ్య పిల్లలు) తిని పొట్టలు నారింజ రంగుకు తిరిగాయి. కానీ సగానికి పైగా డబ్బా అడుగునే పాకుతున్నాయి, పైకి లేవడం లేదు. అవన్నీ బెల్లీ స్లైడర్లే, అంటే పొట్ట మీద పాకేవే. తిండి తింటాయి, పెరుగుతాయి, ఈదలేవు. చేపను నీళ్లలో తేల్చే గాలితిత్తి ఉబ్బకపోతే ఆ పిల్ల ఇక చేప కాదు.

పెద్దవాటితో ఏ పేచీ లేదు. ఒక మగ, మూడు ఆడ, గుడ్లు పెట్టడానికి ఐస్‌క్రీం డబ్బాలో కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి). గుడ్లు దండిగా పెడుతున్నాయి.

తడిపిన తీరు: ఆర్‌ఓ నీళ్లలో కుళాయి నీళ్లు కలిపి టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల కొలత) 80, వేడి 18 డిగ్రీలు, లోతు 3 సెంటీమీటర్లు. మొదటి అనుమానం నీటి మీది జిడ్డు పొర. పిల్ల మొదటి గంటల్లోనే పైకొచ్చి గాలి మింగాలి, పొర ఉంటే అది కుదరదు. టిష్యూ కాగితం పరిచి రెండుసార్లు లాగేసినా తేడా రాలేదు. తర్వాత లోతు. అదే సంచీ పీట్‌ను రెండు ట్రేలకు పంచి, ఒకదాంట్లో 2, రెండోదాంట్లో 6 సెంటీమీటర్లు పోస్తే, 2 ఉన్నచోట ఈదేవి కాస్త ఎక్కువ. కాస్తే. అసలు జబ్బు అక్కడ లేదు.

10ఎక్స్ లూప్ (చిన్న భూతద్దం)తో సంచీలోని గుడ్లు చూస్తే గుట్టు కొంత బయటపడింది. పైపొర పీట్ పొడిగా ఉంది. అక్కడి గుడ్లలో కంటి చుట్టూ బంగారు రంగు వలయం ఎప్పుడో వచ్చేసింది, పచ్చసొన దాదాపు కరిగిపోయింది. అడుగున చెమ్మ పేరుకున్నచోట గుడ్లు ఇంకా గాజుపూసల్లా స్వచ్ఛంగా ఉన్నాయి. ఆక్సిజన్ అందక మొదటి డయాపాజ్‌లోనే (గుడ్డులో ఎదుగుదల నిలిచిపోయే విరామ దశ) ఆగిపోయినట్టుంది. ఒకే సంచీలో ముదిరినవీ, మొదలుకానివీ!

గుంథేరి గుడ్లను పీట్‌లో మూడు నెలలు ఉంచాలని అందరూ రాసే లెక్క 24 డిగ్రీలకు. చెన్నైలో వేసవిలో అలమరాలో 31 దాటుతుంది. ఆ వేడికి చాలా గుడ్లు రెండో డయాపాజ్‌లో ఆగకుండా ముందుకెళ్లిపోతాయి. సంచీ లేబుల్ మీది తేదీ వచ్చేదాకా, ఎప్పుడో ఎదిగిపోయిన పిల్ల గుడ్డులోనే సొన తినేసి, బయటికొచ్చాక పైకి ఎగిరే సత్తువ లేక పడిపోతోందని నా అంచనా. తొందరపడి తడిపినా స్లైడర్లే వస్తాయి. అందుకే ఇక క్యాలెండర్ చూసి తడపడం దండగ, కన్ను చూసి తడపాలి.

పీట్ మాటకొస్తే, కోకోపీట్ చవకే కానీ ఉప్పు వదులుతుంది. ఉడకబెట్టి, పిండిన నీళ్ల టీడీఎస్ 50 కిందికొచ్చేదాకా కడగనిదే వాడకూడదు. స్ఫాగ్నమ్ పీట్‌లో బూజు తక్కువ, ధర మాత్రం మంట. కుళాయి నీళ్లలోని క్లోరిన్‌కు సీకెమ్ ప్రైమ్ అనే ద్రావణం చాలు. ఆర్టీమియా గుడ్ల విషయంలో పేరులేని చవక పొట్లాలు వద్దు, పెంకులే ఎక్కువ.

గుడ్లు పీట్‌లో దాస్తున్నామంటే లంగ్‌ఫిష్ (ఊపిరితిత్తుల చేప)కీ ఇదే పద్ధతా అని అడిగేవాళ్లున్నారు. కాదు. మొజాంబిక్‌లో నోథోలుండే ఎండు గుంటల్లోనే ప్రొటాప్టెరస్ అనే ఆఫ్రికా లంగ్‌ఫిష్ కూడా బతుకుతుంది. అయితే ఎండను దాటేది దాని గుడ్డు కాదు, పెద్ద చేపే. బురదలో జిగురు తొడుగు కట్టుకుని పడుకుంటుంది. వానలొచ్చాక నీళ్లలో గొయ్యి తవ్వి అందులో గుడ్లు పెడుతుంది, మగది కాపలా కాస్తుంది. నోథోలో పెద్దవి చచ్చిపోతాయి, గుడ్డే మిగులుతుంది. లంగ్‌ఫిష్ గుడ్డును ఆరబెడితే ఖతం.

తర్వాతి ప్రయత్నానికి పీట్‌ను 2 సెంటీమీటర్ల మందాన పలచగా పరిచి సంచీ పడుకోబెడుతున్నా, వారానికోసారి తిరగేస్తా. చెమ్మ పిండితే చుక్క రాకూడదు, వేలికి మాత్రం తగలాలి. సంచీలు థర్మాకోల్ పెట్టెలో, పెల్టియర్ కూలర్‌తో (కరెంటుతో చల్లబరిచే చిన్న పరికరం) 24 డిగ్రీల దగ్గర. బంగారు కన్ను వచ్చిన గుడ్లను మెత్తటి బ్రష్‌తో ఏరి విడిగా తడుపుతా, మిగతా పీట్ మళ్లీ సంచీలోకే. బెంగళూరు వాళ్లకు ఈ కూలర్ బెడద చాలావరకు ఉండదు, అదృష్టవంతులు. రాకోవి అనే మరో నోథో రకం గుడ్లు కూడా తెప్పించాలని ఉంది కానీ వాటికి ఆరు నెలల పైమాటే. మే నెలంతా పెట్టె 24 దాటకుండా నిలబడితేనే ఆ ఆర్డర్.