దక్షుడి పక్కనే ఉదాసీనుడు

పదో తరగతి పిల్లలకి పొద్దున ఎనిమిదింటికే లెక్కల క్లాసు మొదలుపెట్టి అప్పటికి రెండో వారం. నేను స్టాఫ్‌రూమ్‌లోకి అడుగుపెట్టగానే మాటలు ఆగిపోయాయి. బాక్సు తెరుస్తుంటే సోషల్ మేడమ్ నవ్వుతూనే అన్నారు, "మీరిలా పొద్దున్నే వచ్చేస్తే మేమంతా పనిదొంగల్లా కనబడతాం కదండీ." ముందు రోజు మీటింగులో హెడ్మాస్టారు "ఆవిణ్ణి చూసి నేర్చుకోండి" అన్నారు లెండి. ఆ మెచ్చుకోలు నాకు చేసిన చెరుపు అంతా ఇంతా కాదు.

సాయంత్రం దీపం పెట్టాక గీతలో భక్తియోగం చదువుకోవడం నాకు అలవాటు. ఇరవై శ్లోకాలే. నోటికి వచ్చేసినవి కాబట్టి అర్థం మీదికి మనసు పోదు. ఆ రోజు మాత్రం పదిహేనో శ్లోకం దగ్గర ఆగిపోయాను.

యస్మాన్నోద్విజతే లోకో లోకాన్నోద్విజతే చ యః
హర్షామర్షభయోద్వేగైర్ముక్తో యః స చ మే ప్రియః

ఎవరివల్ల లోకం కలత పడదో, లోకం వల్ల ఎవరు కలత పడరో, సంతోషపు పొంగు, అమర్షం, భయం, కలవరం ఎవరికి లేవో వాడు నాకు ఇష్టుడు అంటాడు కృష్ణుడు. అమర్షానికి శంకరులు ఒక్క మాటే చెప్పారు, అసహిష్ణుత అని. ఓర్వలేనితనం. చదవగానే సోషల్ మేడమ్ గుర్తొచ్చారు. నిజం చెప్పాలంటే కాస్త హాయిగా కూడా అనిపించింది, సాక్షాత్తూ దేవుడే నా తరఫున మాట్లాడినట్టు.

ఆ హాయి భోజనాల దాకా కూడా నిలవలేదు. "నాలుగు కొట్టగానే బ్యాగు తగిలించుకుని పోతారు, జీతం మాత్రం నాతో సమానం" అని మా వారి దగ్గర రోజూ గొణుగుతానే, అదేమిటి మరి? అదీ అమర్షమే. పైగా శ్లోకం వరుస చూడండి. లోకం మనని నొప్పించే సంగతి రెండోది. మన వల్ల లోకానికి కలిగే కలత మొదటిది. "నిన్న ఏడింటిదాకా పేపర్లు దిద్దుతూనే ఉన్నాను" అని ఎవరూ అడక్కుండానే చెప్పేదాన్ని. అలసట చెప్పుకుంటున్నాననే అనుకున్నాను. వినేవాళ్ళకి అది దెప్పినట్టే ఉండి ఉంటుంది.

అలాగని పని తగ్గించుకోవాలా? తగ్గించుకుంటే గొడవే ఉండదని పెద్దాయన ఒకరు సలహా కూడా ఇచ్చారు. తర్వాతి శ్లోకం అందుకు ఒప్పుకోదు. ‘అనపేక్షః శుచిర్దక్ష ఉదాసీనో గతవ్యథః’. దక్షుడంటే వచ్చిపడిన పనిని అప్పటికప్పుడు సరిగ్గా చేయగలవాడు. ఆ మాటని ఆనుకునే ఉదాసీనుడు ఉన్నాడు. మనకి ఉదాసీనత అంటే పట్టనితనం, ఫైలు కదలనప్పుడు వాడే మాట. శంకరుల వ్యాఖ్యానంలో మాత్రం స్నేహితుడిదైనా సరే ఎవరి పక్షమూ పట్టనివాడు ఉదాసీనుడు. నేను అందరికన్నా గట్టిగా పట్టుకున్నది నా పక్షమే. పని నేనే చేసి, దానికి వకీలునీ నేనే అయ్యాను.

ఆ వెంటనే వచ్చే గతవ్యథః, అంటే నొచ్చుకోవడం పోయినవాడు, ఆ మాట దాకా నేనింకా రాలేదు.

హెడ్మాస్టారి గదికి వెళ్ళి, నలుగురిలో నన్ను ఎవరితోనూ పోల్చొద్దని అడిగాను. ఆయన వింతగా చూశారు. మ్యాప్ పాయింటింగులో పిల్లలు తడబడుతున్నారని చెప్తే, వారంలో ఒక పొద్దుట తను తీసుకుంటానన్నారు సోషల్ మేడమ్. మిగతావాళ్ళలో ఇద్దరు ఇప్పటికీ ముఖం తిప్పుకునే వెళ్తారు. ఎన్నింటిదాకా ఉన్నానో చెప్పడం మానేశాను. నాలుక చివరిదాకా వస్తూనే ఉంటుంది.