హెండ్రా సెతియవాన్: నెట్ ముందు నిలబడి ఆడిన ఆట

మన గోదావరి జిల్లాల్లో తెల్లవారుజామున ఏ షటిల్ కోర్టు పక్కన నిలబడినా ముందు వినపడే కేక "కొట్టరా!" అనే. షటిల్‌ని పైనుంచి బలంగా కిందికి బాదే స్మాష్ అంటే మనవాళ్ళకి అంత మోజు. అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ 2023లో గంటకు 565 కిలోమీటర్ల వేగంతో స్మాష్ కొట్టి గిన్నిస్ రికార్డుకెక్కాక ఆ మోజు ఇంకా పెరిగింది. గర్వపడాల్సిందే. కాకపోతే పొద్దున్నే మన కోర్టుల్లో డబుల్స్ ఆడేవాళ్ళలో చాలామంది నలభైకి అటూ ఇటూ ఉన్నవాళ్ళు. సాత్విక్‌లా ఎగిరి కొట్టబోయి భుజం, మోకాలు పాడుచేసుకునేదీ ఎక్కువగా వాళ్ళే. వాళ్ళు చూసి నేర్చుకోవాల్సిన డబుల్స్ ఆటగాడు ఇండోనేషియాకి చెందిన హెండ్రా సెతియవాన్.

నలభై ఏళ్ళు నిండాక, 2025 జనవరిలో జకార్తాలో జరిగిన ఇండోనేషియా మాస్టర్స్‌తో హెండ్రా ఆటకు సెలవు చెప్పాడు. నాలుగు ప్రపంచ టైటిళ్ళు, ఒక ఒలింపిక్ స్వర్ణం, రెండు ఏషియాడ్ (ఆసియా క్రీడల) స్వర్ణాలు, పేరున్న ఆల్ ఇంగ్లండ్ టోర్నీలో రెండు టైటిళ్ళు. వీటిలో దేనికీ అతను స్మాష్ వేగాన్ని నమ్ముకోలేదు. సర్వీస్, మూడో దెబ్బ, నెట్ దగ్గర ఊహ: ఈ మూడింటి మీదే ఆట కట్టుకున్నాడు. వయసుతో ముందుగా తగ్గేది కాళ్ళ బలం, ఎగురు. ఈ మూడూ అంత తొందరగా తగ్గవు.

పుట్టింది 1984 ఆగస్టు 25న, మధ్య జావా ఉత్తర తీరంలోని పెమలాంగ్‌లో. ఆట పదునెక్కింది జకార్తాలోని జయ రాయ క్లబ్బులో. అక్కడే మార్కిస్ కిడో జతయ్యాడు. ఇద్దరూ ఒకే ఏడాది, ఒకే నెలలో పుట్టినవాళ్ళు. 2005లో ఈ జంట ఆసియా చాంపియన్‌షిప్ గెలిచింది మన హైదరాబాద్‌లోనే. 2007లో కౌలాలంపూర్‌లో ప్రపంచ చాంపియన్లయ్యారు. 2008 బీజింగ్ ఒలింపిక్స్ ఫైనల్లో ఆతిథ్య జంట కై యున్, ఫు హైఫెంగ్ మీద తొలి గేమ్ 12-21తో పోయినా, తర్వాత 21-11, 21-16తో తిప్పికొట్టారు. కిడో పొట్టివాడు, కానీ వెనక నుంచి ఎగిరి కొడితే షటిల్ నిలువుగా దిగేది. అతను కొట్టడానికి వీలైన షటిల్‌ని రప్పించడం ముందున్న హెండ్రా పని.

ఆ పని సర్వీస్ దగ్గర మొదలవుతుంది. మనవాళ్ళు అన్నిటికంటే తక్కువ సాధన చేసేదీ దాన్నే.

డబుల్స్‌లో మంచి సర్వీస్ అంటే నెట్‌కి తగలకుండా దాటించడం ఒక్కటే కాదు. షటిల్ గరిష్ఠ ఎత్తు సర్వీస్ చేసేవాడి వైపే రావాలి, నెట్ దాటేసరికి అది దిగుతూ ఉండాలి. నెట్ మధ్యలో 1.524 మీటర్ల ఎత్తు, షార్ట్ సర్వీస్ లైన్ నెట్‌కి 1.98 మీటర్ల దూరం. షటిల్ నెట్ దాటాక కూడా పైకి లేస్తుంటే ఎదుటివాడు ఒక్క అడుగు ముందుకేసి చంపేస్తాడు. దిగుతుంటే మాత్రం కింద నుంచి ఎత్తక తప్పదు. వాడు ఎత్తాడంటే మీ వెనకవాడికి స్మాష్ దొరికినట్టే.

బ్యాక్‌హ్యాండ్ సర్వీస్‌కి సెంటర్ లైన్ పక్కన, షార్ట్ లైన్‌కి జానెడు వెనక నిలబడండి. బొటనవేలు గ్రిప్ వెడల్పు వైపు ఆనాలి. షటిల్‌ని ఈక కొసన రెండు వేళ్ళతో పట్టుకుని రాకెట్ ముఖానికి దగ్గరగా పెట్టండి. స్వింగ్ జానెడుకి మించకూడదు. ఇది కొట్టడం కాదు, తొయ్యడం. మణికట్టు కదలకుండా మోచేతి నుంచి ముందుకు జరగాలి. షటిల్‌ని ముందు వదిలేసి తర్వాత తాకబోతే ఒక్కోసారి ఒక్కో ఎత్తులో తగులుతుంది. రాకెట్ తాకుతున్న క్షణంలోనే వేళ్ళు విడవాలి. స్కోరు 19-19 దగ్గర సర్వీస్ పొడుగ్గా పోయిందంటే కారణం దాదాపు ఎప్పుడూ పిడికిలి బిగుసుకోవడమే. వేళ్ళు వదులు చేసి, ఒక ఊపిరి వదిలి అప్పుడు చెయ్యండి.

2018లో మారిన నిబంధన ప్రకారం రాకెట్ తాకేటప్పుడు షటిల్ మొత్తం నేల నుంచి 1.15 మీటర్ల కిందే ఉండాలి. అంతకుముందు కొలత నడుము దగ్గర ఉండేది. ఈ మార్పుతో పొడగరులు కొంచెం కుంగి సర్వీస్ చేయాల్సి వచ్చింది. మనూళ్ళ టోర్నమెంట్లలో ఎత్తు కొలిచే పరికరం ఉండదు కనుక ఒక వెదురు కర్రకి 1.15 దగ్గర రంగు టేపు చుట్టి నెట్ పోస్టు పక్కన నిలబెడితే సరిపోతుంది. సాధనకి నెట్ పై అంచుకి జానెడు ఎత్తులో పురికొస కట్టండి. షటిల్ ఆ సందులోంచే పోవాలి. రోజూ ఆట మొదలుపెట్టే ముందు ఒక డబ్బా పాత షటిళ్ళతో ఇది చేస్తే చాలు. ఈకలు విరిగినవి మాత్రం వాడొద్దు, వాటి వంకర దారికి చెయ్యి అలవాటు పడిపోతుంది.

మధ్యమధ్యలో ఫ్లిక్ సర్వీస్ (చివరి క్షణంలో ఎదుటివాడి తలమీదుగా వెనక్కి పంపేది) వేయకపోతే నెట్ దాటగానే దిగే ఈ షార్ట్ సర్వీస్‌కి విలువుండదు. డబుల్స్‌లో సర్వీస్ గడి పొడవు 3.96 మీటర్లే, వెనక 76 సెంటీమీటర్ల పట్టీ లెక్కలోకి రాదు. కాబట్టి ఫ్లిక్ మరీ పైకి లేవక్కర్లేదు, ఎదుటివాడు చెయ్యెత్తితే అందనంత ఎత్తు చాలు. రెంటికీ ఆరంభం ఒక్కలాగే ఉండాలి. భుజం ముందే కదిలిందంటే రహస్యం బయటపడ్డట్టే.

ఇక మూడో దెబ్బ. మన సర్వీస్ ఒకటి, ఎదుటివాడి జవాబు రెండు, మనం మళ్ళీ తాకేది మూడు. హెండ్రా సర్వీస్ చేసిన మరుక్షణం అతని రాకెట్ తల నెట్ ఎత్తుకి లేచి ఉంటుంది. మనవాళ్ళది మోకాళ్ళ దగ్గర వేలాడుతూ ఉంటుంది. ఆ తేడాలోనే షటిల్ దాటిపోతుంది. ఇంకొక సంగతి. నెట్ దగ్గర తేలిగ్గా దొరికిన షటిల్‌ని కూడా హెండ్రా ప్రతిసారీ బాదడు. ఎదుటి జంటలో ఒకడు ముందు, ఒకడు వెనక నిలబడి ఉంటే ఇద్దరి మధ్యా పక్క గీత దగ్గర ఒక ఖాళీ ఉంటుంది. ముందువాడికి చెయ్యందదు, వెనకవాడు పరిగెత్తి వచ్చేసరికి షటిల్ నెట్ కిందికి దిగిపోయి ఉంటుంది. అక్కడికి మెత్తగా, చదునుగా నెడతాడు. వెనకవాడు వంగి పైకి ఎత్తుతాడు. అప్పుడు కిడోనో, తర్వాతి రోజుల్లో అతని జోడీ అయిన అహ్సానో స్మాష్ కొట్టేవాడు. చప్పట్లు ఆ స్మాష్‌కే పడేవి.

డిఫెన్స్‌లోనూ ఇదే పద్ధతి. ఒంటి మీదికి స్మాష్ వస్తే స్వింగ్ ఉండదు. రాకెట్ పొట్టకి ముందు అడ్డంగా, వేళ్ళు వదులుగా. షటిల్ దానంతటది తగిలి, ముఖం తిరిగిన వైపు నెట్ మీదుగా జారిపోతుంది. గ్రిప్ బిగబడితే అదే షటిల్ ఎగిరి ఎదుటివాడి స్మాష్‌కి మళ్ళీ అందుతుంది.

మన డెల్టా ఉక్కపోత ఈ మెత్తని ఆటని బాగా ఇబ్బంది పెడుతుంది. చేతి చెమటకి గ్రిప్ జారితే వేళ్ళు వాటంతటవే బిగుసుకుంటాయి. అందుకే టవల్ గ్రిప్పో, ఆట మధ్యలో మార్చుకోవడానికి రెండో రాకెట్టో ఉండాలి. ఎండాకాలంలో గాలి పలచబడి షటిల్ దూరం పోతుంది కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో ఈకల (ఫెదర్) షటిల్‌లో నెమ్మదిగా పోయే 76 నంబరు, చలికాలంలో వేగంగా పోయే 77 తీసుకోవడం మేలు. అనుమానం ఉంటే నిబంధనల్లోనే పరీక్ష ఉంది. వెనక గీత మీద నిలబడి కింద నుంచి పూర్తి బలంతో పైకి కొడితే షటిల్ అవతలి వెనక గీతకి 53 నుంచి 99 సెంటీమీటర్ల ఇవతల పడాలి. గీతకి ఇంకా దగ్గరగా పడుతోందంటే ఆ డబ్బాతో షార్ట్ సర్వీసులన్నీ తేలిపోతాయి. షెడ్డు తలుపులు తీసి ఆడేచోట గాలి ఎటు వీస్తోందో చూసుకోకుండా ఫ్లిక్ వేయొద్దు. నైలాన్ షటిల్ మీద నేర్చిన సర్వీస్‌ని ఫెదర్ మీదికి మార్చుకోవడానికి కూడా కొన్నాళ్ళు పడుతుంది, ఫెదర్ రాకెట్ మీంచి తొందరగా లేస్తుంది.

కెరీర్ అంతా ఒకే జోరుగా సాగలేదు. 2010లో కిడోతో ఏషియాడ్ స్వర్ణం గెలిచినా, 2012 లండన్ ఒలింపిక్స్‌కి ఆ జంట అర్హత సాధించలేదు. ఆ ఏడాదే హెండ్రా మొహమ్మద్ అహ్సాన్‌తో జత కట్టాడు. అహ్సాన్ అంతకుముందు ఆడింది కిడో తమ్ముడు బోనా సెప్తానోతో. కొత్త జంట మరుసటి ఏడాదే గ్వాంగ్‌జౌలో ప్రపంచ టైటిల్ గెలిచింది. 2014లో ఆల్ ఇంగ్లండ్, ఇంచాన్ ఏషియాడ్. 2015లో సొంతగడ్డ జకార్తాలో మళ్ళీ ప్రపంచ టైటిల్. 2016 రియోలో మాత్రం గ్రూపు దశలోనే వెనుదిరిగారు. 2017లో హెండ్రా మలేషియాకి చెందిన తాన్ బూన్ హియాంగ్‌తో ఆడాడు. అప్పటికే చాలామంది అతని కథ ముగిసిందనుకున్నారు. 2018లో తిరిగి అహ్సాన్‌తో కలిశాడు.

కథ ముగిసిందనుకున్నవాళ్ళకి 2019 జవాబు. మార్చిలో ఆల్ ఇంగ్లండ్ ఫైనల్లో మలేషియా జంట ఆరన్ చియా, సో వూయ్ యిక్ మీద 11-21, 21-14, 21-12. ఆగస్టు 25న, సరిగ్గా హెండ్రాకి ముప్ఫై అయిదు నిండిన రోజున, బాసెల్‌లో జపాన్ జంట హోకి, కొబయాషి మీద 25-23, 9-21, 21-15తో ప్రపంచ టైటిల్. అదే రోజు, అదే హాల్లో మన సింధు ఒకుహరాని 21-7, 21-7తో ఓడించింది. తెలుగువాళ్ళందరూ టీవీల ముందున్నారు, కానీ ఈ డబుల్స్ ఫైనల్ ఎంతమంది చూశారో! ఏడాది చివర్లో వరల్డ్ టూర్ ఫైనల్స్ కూడా వాళ్ళదే.

టోక్యో ఒలింపిక్స్‌కి కొద్ది వారాల ముందు, 2021 జూన్ 14న కిడో గుండెపోటుతో కన్నుమూశాడు. వయసు ముప్ఫై ఆరు. టోక్యోలో హెండ్రా, అహ్సాన్ కాంస్య పోరులో ఓడి నాలుగో స్థానంలో నిలిచారు. అదే ఏడాది అక్టోబరులో డెన్మార్క్‌లోని ఆర్హుస్‌లో హెండ్రా కెప్టెన్‌గా ఇండోనేషియా పురుషుల జట్ల ప్రపంచ టోర్నీ అయిన థామస్ కప్ గెలుచుకుంది, 2002 తర్వాత మళ్ళీ అప్పుడే. డోపింగ్ నిబంధనల ఆంక్షల వల్ల ఆ వేడుకలో ఇండోనేషియా జెండా ఎగరలేదు.

సాత్విక్, అతని జోడీ చిరాగ్ కలిసి హెండ్రా, అహ్సాన్‌ల జంటని 2022 జనవరిలో ఢిల్లీలో ఇండియా ఓపెన్ ఫైనల్లో 21-16, 26-24తో ఓడించారు. ఆ మేలో బ్యాంకాక్ థామస్ కప్ ఫైనల్లో అహ్సాన్ హెండ్రాతో కాక కెవిన్ సంజయతో ఆడాడు, సాత్విక్ జంట 18-21, 23-21, 21-19తో గెలిచింది. అయినా ఆగస్టులో టోక్యో ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్ వరకూ వెళ్ళింది హెండ్రా, అహ్సాన్‌లే. అక్కడ ఆరన్, సో చేతిలో ఓడారు. ప్రపంచ ఫైనల్లో హెండ్రాకి అదే తొలి ఓటమి, అప్పటికి అతనికి ముప్ఫై ఎనిమిదేళ్ళు నిండాయి. 2023లోనూ ఆల్ ఇంగ్లండ్ ఫైనల్ ఆడాడు. ఆటకు సెలవు చెప్పాక, 2025లో ఇండోనేషియా జంట సబర్, రెజాలకి కోచ్ అయ్యాడు. ఆ జంట ఆటలో నెట్ దగ్గర తొందరపడని తనం అప్పుడే కనపడింది.

పాత మ్యాచ్‌లు వీడియోల్లో చూసేటప్పుడు షటిల్‌ని వదిలేసి హెండ్రా రాకెట్ తల మీదే చూపు ఉంచండి. ఎదుటివాడు కొట్టకముందే అది ఎటు జరిగిందో, సర్వీస్ అయ్యాక ఎంత త్వరగా లేచిందో, బలంగా కొట్టే వీలున్నా ఎన్నిసార్లు మెత్తగా నెట్టాడో చూడండి. బాసెల్ ఫైనల్ మూడో గేమ్‌తో మొదలుపెట్టొచ్చు.