నా నోట్సు తెలుగులో లేదని తెలిసిన రోజు

మొన్న రాత్రితో సరిచేసిన నోట్సులో ఐదో యూనిట్ కూడా అప్‌లోడ్ చేసేశాను. మూడు నెలల చాకిరీ. కోపం చల్లారకముందే రాసేయాలని కూర్చున్నాను.

నేను డిగ్రీ పిల్లలకు తెలుగు మీడియంలో ఎకనామిక్స్ చెబుతాను. ఈ ఏడు మా సెక్షన్‌లో చూపు లేని అబ్బాయి చేరాడు. తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్‌తో ల్యాప్‌టాప్ మీద చదువుకుంటాడు. మొదటి ఇంటర్నల్లో వాడికి మార్కులు రాలేదు. "నోట్సు పీడీఎఫ్ గ్రూపులో పెట్టాను కదా, తెరిచైనా చూశావా?" అని అందరి ముందూ అనేశాను. వాడేమీ మాట్లాడలేదు. మధ్యాహ్నం స్టాఫ్ రూముకొచ్చి, "ఒక్క నిమిషం వింటారా మేడమ్" అంటూ ల్యాప్‌టాప్ నా టేబుల్ మీద పెట్టి సౌండు పెంచాడు.

నా నోట్సే, మొదటి పేజీయే. తెర మీద ముత్యాల్లాంటి తెలుగు అక్షరాలు. స్పీకర్లోంచి మాత్రం ఏ భాషా కాని గొణుగుడు, మధ్యమధ్య డాలర్ అనీ పర్సెంట్ అనీ. పక్క టేబుళ్ల వాళ్లు తలలెత్తి చూశారు. ఒకాయన నవ్వాడు కూడా. "ఐదు యూనిట్లూ ఇంతే మేడమ్" అన్నాడు వాడు మెల్లగా. పొద్దున నేనన్న మాట గుర్తొచ్చి ఎటు చూడాలో తెలియలేదు.

జరిగిందేమిటంటే, ఆ నోట్సు డీటీపీ సెంటర్లో పాత ఫాంటుతో కొట్టించింది. ఆ ఫాంట్ల లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తుల కోడ్‌లే. పైన తెలుగు బొమ్మ తొడుగుతారంతే. ఫాంటు మార్చి చూడండి, గుట్టు బయటపడుతుంది. ప్రతి భాష అక్షరానికీ సొంత కోడ్ ఇచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచీ సొంత చోటుంది. అయినా డీటీపీ ఆయన "కనబడుతోంది కదా మేడమ్, ఇంకేం కావాలి? యూనికోడ్‌లో అందం రాదు" అన్నాడు. మళ్లీ టైపు చేయించడానికి డబ్బు అడిగితే ఆఫీసులో "ఒక్కడి కోసమా?" అన్నారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రింటు తీసి టేబుల్ మీద పెట్టాను. దాని మీద టీ గ్లాసు పెట్టుకున్నారు. వాళ్ల మీద ఆశ పెట్టుకుంటే సంవత్సరం గడిచిపోతుంది, మీ పని మీరే మొదలుపెట్టుకోండి.

ఫాంట్ కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చుకున్నాను. పీడీఎఫ్ నుంచి కాపీ చేయకండి, అసలు ఫైలు అడిగి తెచ్చుకోండి. అయినా వత్తులు పక్క అక్షరం కిందికి జారతాయి. నాకు ద్రవ్యోల్బణం అనే మాట ఎక్కడ వచ్చినా విరిగే వచ్చింది. ఎకనామిక్స్ నోట్సులో అది ఎన్నిసార్లు వస్తుందో మీరే ఊహించుకోండి.

శీర్షికలు సులువు: అక్షరాలు లావు చేసి వదిలేయకుండా వర్డ్‌లో హెడింగ్ స్టైల్ పెడితే, వాడు హెచ్ మీట నొక్కుతూ ఒకదాన్నుంచి ఇంకోదానికి దూకేస్తాడు. నోట్సులోని పట్టికల్లో కలిపేసిన గళ్లు కూడా విడదీయాలి.

గ్రాఫుల దగ్గర మళ్లీ పరువు పోయింది. బొమ్మకు బదులు స్క్రీన్ రీడర్ చదివే వివరణ, అంటే ఆల్ట్ టెక్స్ట్‌లో "చిత్రం 3, డిమాండు రేఖ" అని రాసి మురిసిపోయాను. ఫైలు ఇలాంటివాళ్లకు అందుతుందో లేదో చూసే వర్డ్‌లోని యాక్సెసిబిలిటీ చెకర్ కూడా తప్పుల్లేవంది. అది ఆల్ట్ టెక్స్ట్ ఉందా లేదా అనే చూస్తుంది, అందులో అర్థం ఉందా అని చూడదు. వాడు విని, "ఆ రేఖ ఎటు పోతుంది మేడమ్?" అన్నాడు. తిరగరాశాను: "నిలువు అక్షం మీద ధర, అడ్డ అక్షం మీద పరిమాణం. రేఖ ఎడమ పై నుంచి కుడి కిందికి దిగుతుంది. ధర తగ్గేకొద్దీ డిమాండు పెరుగుతోంది." క్లాసులో ఈ మూడు ముక్కలూ రాయమంటే సగంమంది రాయలేకపోయారు. ఇప్పుడు గ్రాఫు గీయకముందే అందరిచేతా ఇవి చెప్పిస్తున్నాను.

చివర్లో ఇంకో దెబ్బ. వారం పాటు పెట్టిన హెడింగులన్నీ ప్రింట్ టు పీడీఎఫ్ కొట్టగానే మాయం. సేవ్ యాజ్‌లోనే పీడీఎఫ్ ఎంచుకోవాలి, ఆప్షన్స్‌లో డాక్యుమెంట్ స్ట్రక్చర్ ట్యాగ్స్‌కు టిక్కు ఉందో లేదో చూసుకోవాలి. ఈ సంగతి ఎవరూ చెప్పలేదు, రెండు రోజులు పోగొట్టుకుని నేర్చుకున్నాను. ఆ రోజు నవ్వినాయనే ఈమధ్య వచ్చి "నా ఫైళ్లు కూడా కాస్త చూస్తారా" అన్నాడు. వారం తిప్పించుకున్నాను, నిజం చెప్పాలంటే.

వాడు వినే వేగం నాకు అంతుబట్టదు, ఒక్క మాటా చెవికెక్కదు. ఐదు యూనిట్లూ రెండు రోజుల్లో వినేసి ఇవాళ వచ్చాడు. బాగుందంటాడేమోనని చూశాను.

"రెండో యూనిట్లో ఒకే పేరా రెండుసార్లు ఉంది మేడమ్" అన్నాడు.

తీసి చూస్తే నిజమే. ఆ నోట్సు ఆరేళ్లుగా చేతులు మారుతోంది.