హనుమకొండ లోక్‌సభ స్థానం: 1977 నుంచి 2008 దాకా

హనుమకొండ పేరుతో లోక్‌సభ స్థానం ఒకప్పుడు ఉండేదన్న సంగతి కొత్తతరం ఓటర్లలో చాలామందికి తెలియదు. తెలిసినవారు కూడా ఇక్కడ బీజేపీ గెలిచిన 1984 ఫలితాన్ని ఒక్కదాన్నే చెప్పుకుంటారు, అది ఆ పార్టీ వికాసానికి గుర్తంటారు. ఆ ఫలితాన్ని విడదీసి చూడడం వల్లనే దానికి లేని అర్థాలు పుట్టుకొచ్చాయని నా అభిప్రాయం.

అత్యవసర పరిస్థితి తర్వాత జరిగిన 1977 ఎన్నికల్లో ఉత్తర భారతంలో కాంగ్రెస్ కొట్టుకుపోయినా, ఆంధ్రప్రదేశ్‌లోని 42 స్థానాల్లో 41 ఆ పార్టీకే దక్కాయి. అప్పటిదాకా మంథని శాసనసభ్యుడిగా ఉన్న పి.వి. నరసింహారావు ఆ ఏడాది హనుమకొండ నుంచి తొలిసారి లోక్‌సభకు వెళ్లారు. 1980లో మళ్లీ గెలిచి విదేశాంగ మంత్రి అయ్యారు.

1984 డిసెంబరులో, ఇందిరా గాంధీ హత్యానంతర సానుభూతితో దేశమంతటా కాంగ్రెస్ నాలుగు వందలకు పైగా స్థానాలు గెలుచుకుంటున్న వేళ, అదే పి.వి. ఇక్కడ బీజేపీ అభ్యర్థి చందుపట్ల జంగారెడ్డి చేతిలో ఓడిపోయారు. ఆ ఎన్నికల్లో బీజేపీకి దక్కిన రెండు స్థానాల్లో ఇది ఒకటి, గుజరాత్‌లోని మెహసానా రెండోది. అయితే బీజేపీకి పూర్వరూపమైన జనసంఘ్ రోజుల నుంచి పనిచేసిన జంగారెడ్డికి సొంత పలుకుబడి ఎంత ఉన్నా, ఆ ఏడాది ఆగస్టులో ఎన్.టి. రామారావు ప్రభుత్వాన్ని గవర్నర్ బర్తరఫ్ చేయడం, నెల రోజులకే ఆయన్ను తిరిగి పీఠమెక్కించక తప్పకపోవడం ఇక్కడి ఓటరు మనసులో ఇంకా పచ్చిగానే ఉన్నాయి. ఆ కోపానికి బీజేపీకి తెలుగుదేశంతో ఉన్న పొత్తు తోడైంది. రాష్ట్రంలో తెలుగుదేశం 30 స్థానాలు గెలిచిందంటేనే గాలి ఎటు వీచిందో తెలుస్తుంది. కాబట్టి దీన్ని కమలం వికాసం అనడం కంటే కాంగ్రెస్‌పై ఆగ్రహం అనడమే సబబు. పి.వి. మాత్రం మహారాష్ట్రలోని రాంటెక్ నుంచి కూడా పోటీ చేసి గెలిచినందువల్ల కేంద్ర మంత్రివర్గంలో కొనసాగగలిగారు.

తర్వాతి చరిత్ర కూడా ఇదే చెబుతుంది. 1989, 1991, 1996లలో కాంగ్రెస్ తరఫున కమాలుద్దీన్ అహ్మద్ వరుసగా గెలిచారు. 1998, 1999లలో తెలుగుదేశం అభ్యర్థి చాడ సురేశ్ రెడ్డి గెలిచారు. పక్కనున్న కరీంనగర్‌లో ఆ రెండుసార్లూ బీజేపీయే గెలిచినా, హనుమకొండ మళ్లీ దాని వైపు తిరగలేదు.

2004లో కాంగ్రెస్‌తో పొత్తు పెట్టుకున్న టీఆర్ఎస్ తరఫున బి. వినోద్ కుమార్ గెలిచారు. ప్రత్యేక రాష్ట్రం కోసం 2008లో ఆ పార్టీ సభ్యులు రాజీనామాలు చేసినప్పుడు ఉప ఎన్నికలు జరిగిన నాలుగు లోక్‌సభ స్థానాల్లో ఆదిలాబాద్, వరంగల్ చేజారగా, కరీంనగర్, హనుమకొండ నిలబడ్డాయి. ఈ స్థానానికి అదే ఆఖరి ఎన్నిక.

నియోజకవర్గాల పునర్విభజనలో సిద్దిపేట, మిర్యాలగూడ, భద్రాచలంతో పాటు హనుమకొండ స్థానమూ రద్దయింది. పట్టణం వరంగల్ స్థానంలో కలిసింది, ఆ స్థానం ఎస్సీలకు రిజర్వు అయింది. 2009లో వినోద్ కుమార్ కరీంనగర్‌కు మారి పొన్నం ప్రభాకర్ చేతిలో ఓడారు, 2014లో అక్కడే గెలిచారు.