భ్రమరాంబ కొండకి నడిచి వెళ్తూ...

మొక్కు తీరింది. కుడి చెవి మాత్రం ఇంకా పూరీలా ఉబ్బే ఉంది. నాలుగు రోజులుగా ఇంటికొచ్చినవాళ్లంతా ప్రసాదం చేతిలోకి తీసుకుంటూ అడిగేది ఆ చెవి గురించే.

పెద్దమ్మాయి కాన్పు కష్టమైన రోజు ఆస్పత్రి వరండాలో కూర్చుని అనుకున్నాను, తల్లీబిడ్డా క్షేమంగా బయటపడితే శివరాత్రికి నల్లమల దారిన శ్రీశైలం నడిచొస్తాను మల్లన్నా అని. మనవరాలికిప్పుడు ఏడో నెల. నేను, మా మరిది, తోడికోడలు ఆత్మకూరు దాటి వెంకటాపురం దగ్గర అడవిలో అడుగుపెట్టాం. నాగలూటి వీరభద్రుడికి దండం పెట్టుకుని, పెచ్చెరువులో అన్నదానం దగ్గరే ఓ రాత్రి నడుం వాల్చి సాగిపోయాం. ఆ దారి నడిచినవాళ్లకి బొబ్బల సంగతి చెప్పక్కర్లేదు.

జనం గురించి మాత్రం చెప్పాలి. అడవిలో నడుస్తున్నామా, సంతలోనా అన్నట్టుంది. భుజాన స్పీకరు పెట్టుకుని హోరెత్తించేవాళ్లు, తాగిన గ్లాసు తాగినచోటే పారేసేవాళ్లు. పంచాక్షరి అనుకుందామన్నా నా గొంతు నాకే వినపడలేదు.

భీముని కొలను లోయలోకి దిగుతున్నాం. పొద్దున పది దాటి ఉంటుంది. దారి పక్క ఓ మద్ది చెట్టు మొదట్లో ఎవరో రాళ్లు పేర్చి కుంకుమ పూశారు. మా ముందు పోతున్న కుర్రాళ్ల గుంపు అక్కడ ఆగి గుప్పెడు కర్పూరం, కట్టకి కట్ట అగరొత్తులు వెలిగించింది. పొగ నిట్టనిలువుగా లేచింది. నేనూ దండం పెట్టి తలెత్తి చూద్దును కదా, పైకొమ్మకి చాటంత నల్లటి తేనెపట్టు. దాని మీద ఓ మెరుపు అలలా పైనుంచి కిందికి జరజరా పాకింది. మళ్లీ ఇంకోటి. అమ్మ ఎంత అందంగా చూపించింది అనుకున్నాను. కొండ తేనెటీగలు ఒళ్లు ఎగరేసి బెదిరించడమే అదని నాకేం తెలుసు! అంతలో కుర్రాళ్లలో ఒకడు రాయి తీసి విసిరాడు.

మొదటిది చెవి మీద కుట్టింది. ఛట్టున కొట్టాను. చెయ్యకూడని పని అదే. కొట్టిన చోట మాగిన అరటిపండు వాసన. తర్వాత ఒకటా రెండా, మెడ మీద, నుదుటి మీద, జుట్టులో దూరి గీపెడుతూ. చేతులు విసురుతున్నకొద్దీ ఎక్కువయ్యాయి.

"చేతులు ఊపొద్దండి! మొగం కప్పుకోని ఉరకండి!" అని కేక. అన్నదానానికి నీళ్ల క్యాన్లు మోస్తున్న ఓ చెంచు పెద్దాయన. కొందరు కొలను వైపు పరుగెడుతుంటే, "నీళ్లలో దూకొద్దు, పైనే తిరుగుతా ఉంటాయి, తల ఎత్తితే మొగానికే!" అని అరిచాడు. తోడికోడలు పరుగెత్తింది. నా మోకాళ్లకి అంత సత్తువ లేదు. ఆయనే వచ్చి భుజం మీది గొంగడి నా మీద కప్పి, ఓ బండ సందులో కూలేసి అంచులు నా కాళ్ల కిందికి తోసి, "కదలొద్దమ్మా" అన్నాడు.

లోపల చీకటి, పొగ వాసన, మేక వాసన. గొంగడి మీద టపటపా చినుకులు పడుతున్నట్టు ఈగలు. "అమ్మా భ్రమరాంబా, కాపాడు" అనబోయి ఆగిపోయాను. ఎవరి నుంచి కాపాడమని ఎవరిని అడుగుతున్నాను? అమ్మ భ్రమరాల దండుతో కుట్టించి చంపిన ఆ అరుణాసురుడికి పట్టిన గతే నాకూ పట్టిందే! పావుగంటో అరగంటో తెలీదు. నోట మాత్రం శివయ్య పేరే వచ్చింది.

చప్పుడు తగ్గాక ఆయన నన్ను దూరంగా నడిపించుకుపోయి, బొటనవేలి గోటితో ముళ్లు గీకేశాడు. పద్నాలుగు. ఒకటి నా అరచేతిలో పెట్టాడు. ముల్లు చివరున్న చిన్న తిత్తి ఇంకా గుండెలా కొట్టుకుంటోంది. "ఉన్నంతసేపు విషం దిగుతానే ఉంటాది. పట్టుకారు కోసం ఎతుక్కుంటా కూచోగూడదు." అరటిపండు వాసన మాట చెబితే తర్వాత ఇంట్లో నవ్వారు గానీ ఆయన నవ్వలేదు. ఆ వాసన పట్టుకునే మిగతావి వస్తాయట.

మా మరిదిని కుట్టినవి ఐదే. కానీ ఒళ్లంతా దద్దుర్లు, పెదాలు వాచి, మాట బొంగురుపోయింది. ముక్కూమొహం తెలియని ఇద్దరు శివస్వాములు ఆయన్ని వీపున మార్చి మార్చి మోసుకుంటూ కైలాసద్వారం మెట్లెక్కారు. శిబిరంలో డాక్టరమ్మ చూడగానే తొడకి ఇంజెక్షన్ పొడిచింది. కాసేపటికి గొంతు తెరిపినపడింది. "పద్నాలుగు కుట్టినావిడ నడిచొచ్చింది, ఐదు కుట్టినాయన పోయేవాడు. ఎన్ని కుట్టాయన్నది కాదు, ఊపిరి ఆడుతోందా, గొంతు మారిందా అది చూడాలి" అని మమ్మల్నే కోప్పడింది. సున్నం రాస్తూ కూర్చోమన్నవాళ్ల మాట విని ఉంటే ఏమయ్యేదో. ఇంత జరిగినా మరిది మంచం మీంచే, "వదినా, భ్రమరమంటే తుమ్మెద, తేనెటీగ కాదు" అని సవరించాడు. బతికాడులే అనుకున్నాను.

పెద్దాయన అక్కడిదాకా వెంటే వచ్చాడు. మీరు తేనె ఎట్లా తీస్తారయ్యా అంటే, "చీకటి రాత్రి పొగబెట్టి, తాడు కట్టుకోని కొండ చరియకి దిగుతాం. పైన తాడు బామ్మర్దే పట్టుకోవాల. అక్క తాళి వాని చేతిలోనే గదా, వదల్డు" అన్నాడు. వంద కాగితం ఇవ్వబోతే తీసుకోలేదు. "మల్లయ్య మా చెంచు పిల్లని చేసుకున్న అల్లుడు. అల్లుని ఇంటికి పోయేటోళ్ల కాడ డబ్బులేంది?"

మల్లన్న దర్శనం కోసం లైన్లో గంటల తరబడి నిలబడితే, దక్కింది కనురెప్పపాటు. తోపులాటలో లింగం కనిపించిందో, దాని మీది మారేడు దళమే కనిపించిందో! అయినా కళ్లు నిండిపోయాయి.

ఆ తర్వాత అమ్మవారి గుడి వెనక గోడ దగ్గరికి వెళ్లాను. లోపల తుమ్మెదల ఝంకారం వినడానికి అందరూ చెవి ఆనిస్తున్నారు. కుడి చెవి ఆనలేదు గనక ఎడమది పెట్టాను. ముందు రాతి చల్లదనం. తర్వాత, ఎక్కడో లోపల నుంచి, సన్నగా...

"వినబడిందా అక్కా?" వెనకాలావిడ అడిగింది.

అప్పటికే నేను గోడకి రెండడుగులు దూరం జరిగి, కొంగు తల మీదుగా మొహానికి లాక్కుని ఉన్నాను.